యూనిఫాం విప్పాక: పాఠకుల ప్రశ్నలు, ఓ మాజీ సుబేదార్ జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఒకాయన "సైన్యంలో పనిచేసినవాళ్లు బయటికొచ్చాక మామూలు మనుషులవుతారా?" అని అడిగితే, "అవుతారు, కాస్త టైమివ్వండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అలా తేల్చేసినందుకు ఉత్తరాల కట్ట ఒకటి వచ్చి పడింది. కొన్ని తిట్లు, కొన్ని నిజమైన బాధలు. అందుకని ఈసారి పేజీ అంతా దీనికే ఇచ్చేశాం. నేను పద్దెనిమిదో ఏట పదాతిదళంలో చేరి ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. బయటికొచ్చి పద్నాలుగేళ్లయింది. ఈ పద్నాలుగేళ్లే కష్టంగా గడిచాయి. అందులో కొన్ని మా ఇంట్లోవాళ్లకి ఇంకా కష్టంగా గడిచాయి.

"సుబేదార్ గారూ, మావారు పదిహేడేళ్లు సర్వీసు చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యారు. చెడు అలవాట్లు లేవు. కానీ ఇంట్లో ప్రతిదీ ఆర్డరే. చెప్పులు ఒకే వరసలో ఉండాలి. ఎనిమిదంటే ఎనిమిదికే బయల్దేరాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే గొంతు లేస్తుంది. పిల్లలు ఆయన్ని చూడగానే గదుల్లోకి వెళ్లిపోతున్నారు. ఈ మనిషి మారతారా?" (పేరు రాయొద్దన్న పాఠకురాలు)

అమ్మా, మీ ఉత్తరం మా ఆవిడకి చూపిస్తే "ఇది నేనెప్పుడు రాశాను?" అంది. కాబట్టి ముందు మా ఇంటి సంగతే చెబుతాను.

నేను రిటైరై వచ్చేసరికి మా అమ్మాయి ఆరో తరగతి. వచ్చిన మొదటి వారంలోనే గోడకి టైంటేబుల్ అంటించాను. లేవడం, స్నానం, చదువు, ఆట, పడక. ఆటకి నలభై నిమిషాలు. ఆ పిల్ల ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. చూశావా, క్రమశిక్షణ అంటే ఇదీ అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. మూడు నెలలయ్యాక ఓ సాయంత్రం ఏదో వెతుక్కుంటూ గదిలోకి వెళ్లాను. తను కింద కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. నన్ను చూడగానే పెన్సిల్ వదిలేసి లేచి నిలబడింది. చేతులు రెండూ పక్కలకి ఆనించి, చూపు గోడ మీద పెట్టి. ఎవరూ నేర్పలేదు. బారక్‌లోకి ఉస్తాద్ వస్తే మేమెలా లేచేవాళ్లమో అచ్చం అలాగే. ఉస్తాద్ అంటే మాకు శిక్షణ ఇచ్చేవాడు. ఆయనంటే మాకు గౌరవం తర్వాత, ముందు భయం.

ఆ రాత్రి టైంటేబుల్ నేనే చింపేశాను. చింపగానే మారిపోయానని అనుకోకండి. ఆ పిల్ల నా ముందు కాళ్లు చాపుకుని కూర్చోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

మీవారి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. శిక్షణలో ఒక నిమిషం ఆలస్యాన్ని ఒక నిమిషంగా చూడనివ్వరు. ఫాలిన్‌కి, అంటే వరసలో నిలబడే వేళకి, ఒకడు ఆలస్యంగా వస్తే ప్లటూన్ మొత్తానికి రగడా పడుతుంది. రగడా అంటే ఒళ్లు హూనమయ్యేదాకా చేయించే శిక్ష. ఒక్కోసారి ఆ ఆలస్యమైనవాణ్ణి మాత్రం పక్కన నిలబెట్టి, మిగతా ముప్పై మంది మోచేతుల మీద పాకడం చూడమనేవారు. ఒకసారి నేను అలా నిలబడ్డాను. ఆ తర్వాత జీవితంలో దేనికీ ఆలస్యంగా వెళ్లలేదు.

ఇది క్రూరత్వం కోసం పెట్టిన పద్ధతేం కాదు. పదహారో శతాబ్దం చివర్లో డచ్ సేనాని మారిస్ ఆఫ్ నసావ్ తుపాకీలో మందు కూరి పేల్చే పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టించాడు. 1607లో అచ్చయిన బొమ్మల్లో ఒక్క మస్కెట్‌కే, అంటే అప్పటి పొడుగు తుపాకీకే, నలభైకి పైగా భంగిమలున్నాయి. గుర్రాలు మీదకి దూసుకొస్తుంటే మనిషికి బుర్ర పనిచేయదు, కాబట్టి పని చేతులకి నేర్పేయాలని వాళ్ల లెక్క. నేటికీ అదే లెక్క. చిక్కేమిటంటే, చేతులకీ గొంతుకీ నేర్పింది రిటైర్మెంట్ ఆర్డర్ చదువుకోలేదు. చెప్పుల వరస చెదిరితే మీవారికి ముందు గొంతు లేస్తుంది. "చెప్పులే కదా" అన్న ఆలోచన రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ ఒక్క విషయంలో మేం ఎప్పుడూ ఆలస్యమే.

నా విషయంలో పనికొచ్చింది చెబుతాను. నా గొంతు లేచినప్పుడు మా ఆవిడ వాదించడం మానేసింది. "ఆలస్యమైతే ఏమవుతుంది?" అని అడిగేది. వెటకారంగా అడిగితే పని జరగదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడగాలి. నేను జవాబు వెతుక్కోవలసి వచ్చేది. రైలైతే వెళ్లిపోతుంది, సరే. చుట్టాలింటికైతే? ఏమీ అవదు. సర్వీసులో ఉండగా ఈ ప్రశ్న అడగడానికి వీల్లేదు. అందుకని దీనికి జవాబు వెతకడం మాకు అలవాటు లేదు.

ఇంకొకటి. ఆయన అరుస్తున్నారా, లేక ఆయనకి వినబడటం లేదా అన్నది కూడా చూడండి. రైఫిల్ చెవి పక్కన పేలితే శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది. ఏళ్ల తరబడి ఫైరింగ్ రేంజ్‌లో గడిపినవాడికి ముందు పోయేవి సన్నటి శబ్దాలు. అంటే ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు, స, ష, త లాంటి అక్షరాలు. మగవాళ్లతో మాట్లాడుతుంటే బాగానే వినబడుతుంది కాబట్టి లోపముందని ఒప్పుకోడు. తన గొంతు తనకి సరిపోదు కాబట్టి పెంచుతాడు. టీవీ సౌండ్ ఎక్కువ పెడుతున్నారా? రెండోసారి చెప్పించుకుంటున్నారా? అయితే ముందు చెవుల డాక్టర్ దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. మా ఇంట్లో నా కోపం అనుకున్నదాంట్లో సగం చెవుడని తేలింది. మిగతా సగం కోపమే, దానికి మిషన్ లేదు.

"జై హింద్ సాబ్. హవల్దార్‌గా బయటికొచ్చాను. వయసు 41. పదకొండు ఇంటర్వ్యూలకి వెళ్లాను. ఏం వచ్చు అని అడుగుతారు. ఏ పని ఇచ్చినా చేస్తానని చెబుతాను. మళ్లీ ఫోన్ చేస్తామంటారు, చేయరు. సైన్యంలో నేర్చుకున్నది బయట ఎందుకూ పనికిరాదా?" (ఒక మాజీ హవల్దార్)

జై హింద్ తమ్ముడూ. "ఏ పని ఇచ్చినా చేస్తాను" అన్న మాట ఇవాళ్టితో మానెయ్. సైన్యంలో మన కంపెనీ కమాండర్‌కి ఆ మాట బంగారం. ఇంటర్వ్యూలో కూర్చున్నవాడికి మాత్రం "నాకు ప్రత్యేకంగా ఏదీ రాదు" అని వినబడుతుంది.

ఇంకో తప్పు కూడా చేస్తుంటావని పందెం కాస్తాను. "మేం చేశాం, మేం చూసుకున్నాం" అంటుంటావు. నేనూ అలాగే అన్నాను. "మీరేం చేశారండీ?" అని ఇంటర్వ్యూ చేసినాయన మూడుసార్లు అడిగాడు. నేను మూడుసార్లూ "మా ప్లటూన్..." అనే మొదలుపెట్టాను. "నేను" అని చెప్పుకోవడం మనకి సిగ్గు. పక్కవాడి కష్టం కొట్టేసినట్టుంటుంది. అయినా చెప్పాలి. ఏం చెప్పాలో కూర్చుని రాసుకో. స్టోర్స్ చూశావా? "నూట ఇరవై మంది సామాను ఆరేళ్లు నా చేతిమీద నడిచింది, ఆడిట్‌లో ఒక్క వస్తువూ తగ్గలేదు" అను. సెక్షన్ కమాండర్‌గా ఉన్నావా? "పదిమందికి డ్యూటీలు వేశాను, సెలవులు సర్దాను, కొట్లాటలు తీర్చాను, కొత్తవాళ్లకి పని నేర్పాను" అను. వాళ్లు దాన్ని సూపర్‌విజన్ అంటారు. ఫస్ట్ ఎయిడ్, రేడియో సెట్, బండి మరమ్మతు ఏది వచ్చినా విడివిడిగా రాయి. ర్యాంకు పేరు రాసి ఊరుకుంటే బయటివాళ్లకి అది పదవో పతకమో కూడా తెలీదు.

ఉద్యోగం వచ్చాక ఇంకో పరీక్ష ఉంటుంది. నా మొదటి ఉద్యోగం ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. మొదటిరోజు మేనేజర్ "ఆ లెక్కల సంగతి రేపు పొద్దున్న చూద్దాం" అన్నాడు. పొద్దున్న ఆరింటికి లెక్కలు రాసిన పుస్తకంతో గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన పదిన్నరకి వచ్చి "ఏ లెక్కలు?" అన్నాడు. "చూద్దాం" అంటే బయట అర్థం వేరని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. పన్నెండుమంది కుర్రాళ్లని రోజూ పొద్దున్న వరసలో నిలబెట్టి రోల్‌కాల్ తీసుకున్నాను. మూడో వారానికి ఐదుగురు మానేశారు. పని భారమై కాదు. వాళ్లలో ఒకడు పోతూ పోతూ "ఎందుకు నిలబడుతున్నామో చెప్పలేదు కదా సార్" అన్నాడు. నిజమే. చెప్పాలని నాకు తట్టలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు మరి.

నీ భయం ఊరికే పుట్టింది కాదని కూడా తెలుసుకో. 1969 డిసెంబర్ 1న అమెరికాలో వియత్నాం యుద్ధానికి ఎవర్ని ముందు పిలవాలో లాటరీ తీశారు. 366 పుట్టిన తేదీలు చిన్న డబ్బీల్లో పెట్టి తీస్తే మొదట సెప్టెంబర్ 14 వచ్చింది. ఆ తేదీన పుట్టడం తప్ప వాళ్లు చేసిందేం లేదు. లాటరీ కాబట్టి సైన్యానికి వెళ్లినవాళ్లకీ వెళ్లనివాళ్లకీ ఉన్న తేడా తేల్చడం తేలికైంది. జాషువా ఆంగ్రిస్ట్ అనే ఆర్థికవేత్త 1990లో ఆ లెక్క తీశాడు. యుద్ధం ముగిసిన చాలా ఏళ్ల తర్వాత, 1980ల మొదట్లో, తెల్లజాతి మాజీ సైనికుల సంపాదన అలాంటి మిగతావాళ్లకంటే సుమారు 15 శాతం తక్కువగా ఉంది. యూనిఫాంలో గడిపిన ఏళ్లు బయటి ఉద్యోగ అనుభవంగా లెక్కకి రాకపోవడమే కారణమన్నాడు. ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది. అయితే అదే మనుషుల్ని యాభయ్యో ఏడు దగ్గర మళ్లీ చూస్తే ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. నువ్వు ఆ మధ్యలో ఉన్నావు.

దానికి ముందటి తరం కథ వేరు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకి చదువు ఖర్చు ప్రభుత్వమే పెట్టుకునేలా అమెరికా 1944లో చట్టం చేసింది. 1956 నాటికి సుమారు 78 లక్షల మంది దాంతో కాలేజీ చదువో, చేతిపనో నేర్చుకున్నారు. అందుకని తమ్ముడూ, పన్నెండో ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఆరు నెలల కోర్సు ఏదైనా చెయ్. నలభై ఒకటో ఏట బెంచీ మీద కూర్చోవడానికి నామోషీ అనుకోకు. పద్దెనిమిదో ఏట గుండు చేయించుకుని నిలబడ్డవాళ్లం, మనకి నామోషీ ఏమిటి.

"సార్, నాకు 19 ఏళ్లు. పొద్దున్న లేవను, ఏదీ పూర్తి చేయను. మా నాన్న 'సైన్యంలో పడేస్తే దారిలో పడతాడు' అంటున్నారు. నిజంగా దారిలో పడతానా?" (ఒక విద్యార్థి)

బాబూ, పడేస్తే పడే దారి కాదది. నువ్వు పొద్దున్నే లేస్తావు, అందులో అనుమానం లేదు. మంచం ఎత్తి కుదిపేవాళ్లుంటారు. కానీ లేచేది నువ్వు కాదు, నిన్ను లేపుతారు. ఈ రెంటికీ తేడా మొదటి సెలవులో తెలుస్తుంది. నాతోపాటు శిక్షణ పొందినవాడొకడు పరేడ్ గ్రౌండ్‌లో అందరికంటే చురుకు. మొదటి సెలవుకి ఇంటికెళ్లి ఇరవై ఎనిమిది రోజులూ మధ్యాహ్నం దాకా పడుకున్నానని వాడే చెప్పాడు. సర్వీసంతా బాగా చేశాడు. రిటైరయ్యాక లేపేవాళ్లు లేక మంచానికీ మందుకీ అతుక్కుపోయాడు. వాడికి క్రమశిక్షణ లేదనను. ఉంది, కానీ దాని స్విచ్ ఎప్పుడూ ఇంకొకరి చేతిలో ఉండేది.

ధ్యాన్ చంద్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1922లో సిపాయిగా చేరాడు. హాకీ పట్టుగా ఆడటం అక్కడే మొదలుపెట్టాడు. గ్రౌండ్, స్టిక్, ఆట చూసి ప్రోత్సహించిన పైవాళ్లు, ఇవన్నీ సైన్యం ఇచ్చినవే. పగలు డ్యూటీ అయ్యాక రాత్రి వెన్నెల్లో ప్రాక్టీసు చేయడం మాత్రం ఏ ఆర్డర్‌లోనూ లేదు. అది ఆయన తెచ్చుకున్నది. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు, 1956లో మేజర్‌గా రిటైర్మెంట్. మిల్ఖా సింగ్ సైన్యంలో చేరబోతే మూడుసార్లు వెనక్కి పంపి నాలుగోసారి తీసుకున్నారు. పరుగు అక్కడే అబ్బింది.

వీళ్ల పేర్లు అందరూ చెబుతారు. నేను మూడోపేరు కూడా చెబుతాను. పాన్ సింగ్ తోమర్. ఆయనా సైనికుడే, ఆయనకీ పరుగు సైన్యమే నేర్పింది. అడ్డంకులు దూకుతూ పరిగెత్తే స్టీపుల్‌చేజ్‌లో ఏడుసార్లు జాతీయ చాంపియన్, 1958 టోక్యో ఆసియా క్రీడల్లో దేశం తరఫున పరిగెత్తాడు. సుబేదార్‌గా రిటైరై ఊరికెళ్లి, భూమి తగాదాలో తుపాకీ పట్టి చంబల్ లోయలో బందిపోటయ్యాడు. 1981లో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. సైన్యం ఇచ్చిన ఊపిరి, ఓపిక, గురి అక్కడా ఆయన వెంటే ఉండి ఉంటాయి. శిక్షణ బలమిస్తుంది బాబూ. ఆ బలంతో ఎటు వెళ్లాలన్నది సిలబస్‌లో లేదు.

నీకు వెళ్లాలని ఉంటే వెళ్లు, మంచి ఉద్యోగం. మీ నాన్నగారి తలనొప్పి తగ్గించడానికైతే వద్దు. ముందు ముప్పై రోజులు ఎవరూ లేపకుండా ఐదింటికి లేచి ఐదు కిలోమీటర్లు పరిగెత్తి చూడు. ముప్పై ఒకటో రోజు నాకు రాయి.

"రోజూ లేవగానే మంచం సర్దుకుంటే జీవితం బాగుపడుతుందట. మీరు సర్దుతారా?" (ఒక పాఠకుడు)

2014లో అమెరికా నేవీ అడ్మిరల్ విలియం మెక్‌రేవన్ ఒక యూనివర్సిటీలో చెప్పిన మాట అది, అప్పట్నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. సర్దుతాను. నలభై రెండేళ్లుగా దుప్పటి మూలలు పెట్టెకి కాగితం చుట్టినట్టు మడుస్తున్నాను. మంచం సర్దితే మంచం బాగుపడుతుంది. దానికి మించి నాకేం కనబడలేదు.

"ఈ తరానికి బద్ధకం ఎక్కువైంది. అందరికీ రెండేళ్లు నిర్బంధ సైనిక శిక్షణ పెడితే దేశం బాగుపడదా? ఒక సైనికుడిగా మీరైనా గట్టిగా చెప్పరేం?" (ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

మాస్టారూ, నమస్కారం. మీతో నేను ఏకీభవించను. గట్టిగానే చెబుతున్నాను.

నిర్బంధ సైనిక సేవ ఉన్న దేశాలు బోలెడున్నాయి. ఫిన్‌లాండ్‌లో కుర్రాళ్లు చేసే పనిని బట్టి 165, 255 లేదా 347 రోజులు చేస్తారు. సింగపూర్‌లో 1967 నుంచి ఉంది. పక్కనున్న పెద్ద దేశాల వల్ల వాళ్ల భయాలు వాళ్లవి, రక్షణ కోసం పెట్టుకున్నారు. అది వేరే లెక్క. బద్ధకానికి మందుగా పెడితేనే నాకు అభ్యంతరం.

అర్జెంటీనాలో ఒకప్పుడు గుర్తింపు కార్డు నంబరులోని చివరి మూడు అంకెల మీద లాటరీ తీసి కుర్రాళ్లని సైన్యంలోకి పంపేవారు. ఆ లాటరీ ఆధారంగా 2011లో వచ్చిన పరిశోధన ఒకటుంది. సైన్యానికి వెళ్లినవాళ్లలో తర్వాత నేరాల్లో ఇరుక్కునే అవకాశం తగ్గాల్సింది పోయి కాస్త పెరిగిందని తేలింది. జర్మనీలో మరో పరిశోధన 2012లో వచ్చింది. అక్కడ అప్పట్లో సైనిక శిక్షణకి వెళ్లొచ్చు, లేదా దాని బదులు ఆసుపత్రుల్లాంటి చోట్ల సేవ చేయొచ్చు. సైనిక శిక్షణ తీసుకున్నవాళ్లలో సర్దుకుపోయే గుణం మిగతావాళ్లకంటే తక్కువగా ఉంది, ఐదేళ్ల తర్వాత కూడా ఆ తేడా పోలేదు. ఆ కాగితం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత మా అమ్మాయి గుర్తొచ్చింది.

నా అనుభవం కూడా చెబుతాను. నేను నాయక్‌గా, అంటే హవల్దార్‌కి కింది ర్యాంకులో, ఉన్నప్పుడు కొత్త కుర్రాళ్లని చూశాను. ఇష్టంతో వచ్చినవాడికి రగడా కథ చెప్పుకోవడానికి పనికొస్తుంది. ఇంట్లోవాళ్లు తోస్తే వచ్చినవాడు అదే రగడాని లోపల దాచుకుంటాడు, తనకి కింద ఒకడు దొరికేదాకా. అందరికీ ఏదైనా నేర్పాలంటే ఫస్ట్ ఎయిడ్ నేర్పండి. రక్తం కారుతుంటే గాయం మీద గట్టిగా అదిమి పట్టడం, గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం. దానికి రెండేళ్లు అక్కర్లేదు, బూట్లూ అక్కర్లేదు.

"మా నాన్న యుద్ధం చూసి వచ్చారు. ఏమీ మాట్లాడరు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గర నిలబడతారు. పోయిన నెల అమ్మ భుజం మీద చెయ్యేసి లేపబోతే మెడ పట్టుకున్నారు. తర్వాత చాలా ఏడ్చారు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే 'నాకు పిచ్చా' అంటున్నారు. ఏం చేయాలి?" (ఒక పాఠకుడు)

బాబూ, ముందు ఇవాళ రాత్రి సంగతి. నిద్రలో ఉన్న ఆయన్ని ఎవరూ తాకొద్దు. గుమ్మం దగ్గరే ఆగి, లైటు వేసి, మామూలు గొంతుతో పిలవండి. దగ్గరికి వెళ్లక తప్పకపోతే కాళ్ల వైపు నుంచి వెళ్లండి. ఆయన మీ అమ్మగారిని పట్టుకోలేదు, ఎవర్ని పట్టుకున్నారో ఆయనకే తెలుసు. ఇది మీ అమ్మగారికి చెప్పండి, కొన్నాళ్లు వేరే మంచం మీద పడుకోమనండి. ఇంట్లో తుపాకీ ఉంటే బయటికి పంపించేయండి. చచ్చిపోతానన్న మాట గానీ, తాగుడు ఎక్కువవడం గానీ కనబడితే మంచిరోజు కోసం చూడొద్దు, అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక పిచ్చి సంగతి. 1915లో చార్లెస్ మైయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ఇలాంటి సైనికుల గురించి వైద్య పత్రికలో రాస్తూ "షెల్ షాక్" అన్నాడు. ఫిరంగి గుండు దగ్గర్లో పేలడం వల్ల వచ్చిందని మొదట్లో అనుకున్నారు. గుండు పేలిన చోట లేనివాళ్లకీ వచ్చేసరికి కొందరు పైవాళ్లు పిరికితనం అన్నారు. ఆ ముద్ర పోవడానికి చాలా కాలం పట్టింది. చివరికి 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పట్టికలో పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుకి మిగిలే జబ్బు, అన్న పేరుతో చేర్చింది. దానికి చికిత్స ఉంది. మాట్లాడించి చేసే చికిత్సలే ముందు, అవసరమైతే మందులు.

ఈ ముక్క రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను వెళ్లాను. రిటైరైన నాలుగో ఏట, ఎవరికీ చెప్పకుండా. నాకొక కల వచ్చేది. అందులో పేలుళ్లు లేవు, రక్తం లేదు. నేను సెంట్రీ డ్యూటీలో, అంటే కాపలాలో, ఉంటాను. రెండు గంటలకి నా బదులు ఇంకొకడు రావాలి. రాడు. నాలుగవుతుంది, తెల్లవారుతుంది, మళ్లీ చీకటి పడుతుంది. ఎవరూ రారు. నేను కదలకూడదు. అంతే కల. చెమటలు పట్టి లేచేవాణ్ణి. లేచాక కూడా తలుపు దగ్గర గంటసేపు నిలబడేవాణ్ణి.

డాక్టరు ఆ కలని కాగితం మీద రాయమన్నాడు. ముగింపు మాత్రం నాకు నచ్చినట్టు మార్చి, రోజూ పగటిపూట పది నిమిషాలు కళ్లు మూసుకుని ఆ కొత్త కలని ఊహించుకోమన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. అయినా ఆర్డర్ ఇచ్చినట్టు చెప్పాడు కాబట్టి చేశాను, అలవాటు మరి. నా ముగింపులో బదులుడ్యూటీవాడు వస్తాడు. "ఎవరది?" అంటాను. సంకేతపదం చెబుతాడు. రైఫిల్ దించి పోస్టు అప్పగిస్తాను. వెళ్లి పడుకుంటాను. వాడి ముఖం కూడా రాయమన్నాడు డాక్టరు. నాతో పనిచేసినవాడి ముఖమే పెట్టాను. ఇప్పుడు లేడు. ఆరు నెలల్లో ఆ కల నెలకోసారికి తగ్గింది. ఈ మధ్య ఎప్పుడొచ్చిందో గుర్తులేదు.

మీ నాన్నగారికి ఈ పేజీ చూపించండి. డాక్టర్ మాట ఎత్తొద్దు. "ఈ సుబేదార్ ఏదో రాశాడు నాన్నా" అని ఇచ్చి పక్కకి వెళ్లిపోండి. ఆయనకి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే పత్రికవాళ్ల ద్వారా నాకు రాయమనండి. నేను జవాబిస్తాను, అచ్చేయను.

"ఇన్ని చెబుతున్నారు గానీ, మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారు?" (ఒక పాఠకురాలు)

ఈ ఉత్తరం మా ఆవిడ చేతికిచ్చి, ఏం రాసినా మార్చనని మాటిచ్చాను. ఆమె రాసింది ఇది:

"ఎనిమిది గంటల రైలుకి ఆరున్నరకే ప్లాట్‌ఫాం మీద కూర్చోబెడతారు. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఒక్క రైలు తప్పలేదు. అందులో సగం రైళ్లు లేటుగానే వచ్చాయి. మొదట్లో పోట్లాడేదాన్ని. ఇప్పుడు సంచిలో ఒక నవల పెట్టుకుంటాను. అమ్మాయి మాత్రం వాళ్ల నాన్నకి రైలు టైము ఎప్పుడూ గంట ఆలస్యంగా చెబుతుంది. ఈయనకి ఇంకా తెలీదు. ఈ పేజీ అచ్చయ్యాక తెలుస్తుంది."